బుద్ధి చెప్పుట చాలునా? దాంపత్య సమస్యలలో కౌన్సెలరుల శిక్షణపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

భార్యాభర్తల మధ్య తగవు ముదిరినప్పుడు మన విశ్వాసులు మొదట తట్టు తలుపు కాపరి ఇంటిదే. వకీలు దగ్గరకు గాని పోలీసు స్టేషనుకు గాని వెళ్లక మునుపు, "అయ్యగారూ, మీతో ఒక మాట మాట్లాడాలండి" అని వచ్చువారు అనేకులు. వారి పెండ్లి చేసినది ఆయనే, బిడ్డలను ప్రతిష్ఠించినది ఆయనే, ఇంటికి పునాది వేసిననాడు ప్రార్థన చేసినది ఆయనే. కాబట్టి తగవు తీర్చవలసినదియు ఆయనే అని వారు తలంచుట సహజము. అయితే ఈ పనిని ఆయన ఎక్కడ నేర్చుకొన్నారు, ఎవరి కన్నుల యెదుట నేర్చుకొన్నారు అను ప్రశ్నను మనము అరుదుగా అడుగుచున్నాము.

బి.డి. పాఠ్యక్రమములో కాపరి సంరక్షణ, కౌన్సెలింగ్ అను విషయము ఉన్నది. బి.డి. చదివిన మాబోటివారము ఆ పాఠములు విన్నాము, పరీక్ష వ్రాసినాము. కాని పరీక్ష వ్రాయుట వేరు. ఏడ్చుచున్న భార్యను, తల వంచుకొని కూర్చున్న భర్తను ఎదుట పెట్టుకొని మాట్లాడుట వేరు. ఈ లోటు తీర్చుకొనుటకు మన సేవకులలో చాలామంది పుస్తకములను ఆశ్రయించుచున్నారు. పుస్తకము మంచిదే. అయితే పుస్తకము చదివి ఈత నేర్చుకొన్నవాడు చెరువులో ఏమగునో అందరికిని తెలిసినదే.

ఈ వ్యాసములో దాంపత్య కౌన్సెలింగ్ రంగమున పేరుపొందిన మూడు శిక్షణా మార్గములను పరిశీలింప గోరుచున్నాము. జే ఆడమ్స్ నూతెటిక్ కౌన్సెలింగ్ మొదటిది. జాన్ గాట్‌మన్ పరిశోధనా మార్గము రెండవది. స్యూ జాన్సన్ భావోద్వేగ కేంద్రిత చికిత్స మూడవది. ప్రతి మార్గమును మూడు ప్రశ్నలు అడుగుదుము. అసలు జబ్బు ఏదని ఇది చెప్పుచున్నది? నేర్చుకొనువాడు ఎవరి యెదుట పనిచేసి చూపవలెనని కోరుచున్నది? ఎక్కడ ఆగిపొమ్మని హెచ్చరించుచున్నది?

మాకు కొలబద్ద 1 థెస్సలొనీకయులకు 5:14. అచ్చట అపొస్తలుడైన పౌలు అందరికిని ఒకే మందు ఇయ్యలేదు. క్రమము తప్పినవారికి చేయవలసినది ఒకటి, గుండె జారినవారికి చేయవలసినది మరొకటి, బలము లేనివారికి చేయవలసినది ఇంకొకటి. ఓర్పు ఒక్కటే అందరికిని సమానము. దీనిని బట్టి మా వాదము ఇది: దాంపత్య కౌన్సెలింగ్‌లో శిక్షణ అనగా, ఎదుట కూర్చున్న ఇద్దరిలో ఎవరు ఏ స్థితిలో ఉన్నారో నోరు తెరువక మునుపే గుర్తుపట్టుటకు పొందు శిక్షణ. పద్ధతులు, సాధనములు దాని తరువాతివి.

1. బుద్ధి చెప్పు మార్గము: జే ఆడమ్స్

అమెరికా ప్రెస్బిటేరియన్ కాపరి, వెస్ట్‌మినిస్టర్ సెమినరీ ఆచార్యుడు జే ఆడమ్స్ (1929–2020) 1970లో "కాంపిటెంట్ టు కౌన్సెల్" అను గ్రంథమును ప్రచురించెను. 1965 వేసవిలో ఆయన మనస్తత్వ శాస్త్రజ్ఞుడైన మౌరర్‌తో కలిసి ఇల్లినాయ్ రాష్ట్ర మానసిక ఆసుపత్రులలో పనిచేసెను. మనిషి కష్టములన్నిటిని రోగములుగా చూచు ఫ్రాయిడ్ ధోరణిపై అచ్చటనే ఆయనకు విముఖత బలపడెను. చాలా సమస్యలకు మూలము పాపము, బాధ్యతారాహిత్యమేనని, వాక్యమునెరిగిన కాపరి వాటిని ఎదుర్కొనుటకు సమర్థుడని ఆయన వాదించెను. ఆధారము రోమా 15:14. అచ్చటి గ్రీకు క్రియ నూతెతెయో నుండియే నూతెటిక్ అను పేరు వచ్చినది.

ఆడమ్స్ చేసిన మేలును కాదనరాదు. కౌన్సెలింగ్ అనునది డాక్టర్ల సొత్తు, కాపరికి అందులో పని లేదు అను భయమును ఆయన తొలగించెను. వాక్యమునకు కౌన్సెలింగ్ గదిలో చోటు కల్పించెను. "నీ బాల్యము వలన నీవు ఇట్లున్నావు" అని ఊరకుండక, "రేపటి నుండి నీవు ఏమి చేయుదువు?" అని అడుగు ధైర్యమిచ్చెను.

అయితే ఈ మార్గము తెలుగులోనికి దిగినప్పుడు ఒక చిక్కు ఏర్పడుచున్నది. నూతెతెయో అను మాటను మన తెలుగు బైబిలు "బుద్ధి చెప్పు" అని అనువదించినది. అనువాదము తప్పు కాదు. కాని మన వీధిలో "వాడికి బాగా బుద్ధి చెప్పాను" అంటే అర్థమేమి? చీవాట్లు పెట్టితిననియో, నాలుగు తగిలించితిననియో గదా. ఈ వాడుక మన చెవులలో ఉండగా రోమా 15:14 చదువు సేవకుడు, తన అధికారము చూపుటకు అనుమతి దొరికినదని తలంచు ప్రమాదమున్నది. అదే క్రియ అపొస్తలుల కార్యములు 20:31లోను ఉన్నది. అచ్చట పౌలు మూడు సంవత్సరములు, రాత్రనక పగలనక, కన్నీళ్లతో ఆ పని చేసినట్టు చెప్పుకొనుచున్నాడు. కన్నీళ్లు లేని నూతెతెయో పౌలు ఎరిగినది కాదు.

ఇంకొక విమర్శ ముఖ్యమైనది. 1 థెస్సలొనీకయులకు 5:14లో ఈ క్రియ ఒక్క గుంపునకే, అనగా క్రమము తప్పినవారికే చెప్పబడినది. ఆడమ్స్ మార్గము ఈ ఒక్క క్రియనే మొత్తము పరిచర్యకు పేరుగా పెట్టుకొన్నది. గుండె జారిన భార్యకు బుద్ధి చెప్పిన కాపరి వాక్యమునే పలికి యుండవచ్చును, గాని దానిని చేరవలసిన మనిషికి చేర్చలేదు. యోబు స్నేహితుల కథ ఇదే గదా. ఏడు దినములు నోరు మెదపక నేలమీద కూర్చున్నంత కాలము వారు మంచి ఓదార్పరులు (యోబు 2:13). నోరు తెరచిన తరువాత వారు చెప్పిన సిద్ధాంతములో చాలాభాగము వినుటకు సరిగానే ఉన్నది; వ్యక్తిని గుర్తుపట్టుటలోనే వారు పొరపడిరి.

ఇక రెండవ ప్రశ్న. కాపరి వాక్యముతోనే సమర్థుడు అని చెప్పిన ఈ ఉద్యమము శిక్షణ అక్కరలేదని చెప్పెనా? లేదు. 1976లో ఆడమ్స్ స్థాపించిన సంఘము 2013 నుండి బైబిలు కౌన్సెలరుల ధ్రువీకరణ సంఘముగా పిలువబడుచున్నది. ఆ ధ్రువీకరణ కోరువారు పాఠములు, పరీక్షలు ముగించుటయే గాక, అనుభవజ్ఞుని పర్యవేక్షణలో 50 గంటలు కౌన్సెలింగ్ చేసి చూపవలెను. వాక్యమే చాలునని చెప్పువారే పర్యవేక్షణ లేనిదే పట్టా ఇయ్యరు. ఆడమ్స్ పేరు చెప్పి శిక్షణను తేలిక చేయు మన సేవకులు ఈ సంగతి గమనించవలెను.

2. కొలిచి చూచు మార్గము: జాన్ గాట్‌మన్

గణితము అభ్యసించి మనస్తత్వ శాస్త్రమునకు వచ్చినవాడు జాన్ గాట్‌మన్. 1986లో ఆయన సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో ఒక అపార్ట్‌మెంటు వంటి ప్రయోగశాలను ఏర్పరచెను. దంపతులు అచ్చట వండుకొని తిని మాట్లాడుకొనుచుండగా కెమెరాలు వారిని చిత్రించెను. గొడవపడు వేళ వారి గుండె కొట్టుకొను వేగమును కూడ పరిశోధకులు కొలిచిరి. పత్రికలవారు దానికి ప్రేమ ప్రయోగశాల అని పేరు పెట్టిరి. 1999లో ఆయన నాన్ సిల్వర్‌తో కలిసి వ్రాసిన "ది సెవెన్ ప్రిన్సిపుల్స్ ఫర్ మేకింగ్ మ్యారేజ్ వర్క్" లోకమంతట చదువబడినది.

ప్రకటన 6వ అధ్యాయములోని నలుగురు గుర్రపు రౌతుల పోలికను ఆయన వివాహమునకు అన్వయించెను. వివాహమును చెరుపుటకు వచ్చు రౌతులు నలుగురు: పనిని గాక మనిషినే తప్పుపట్టు విమర్శ, తృణీకారము, ఆత్మసమర్థన, మూగనోము. వీరిలో తృణీకారము అతి ప్రమాదకరమని ఆయన చెప్పెను. "నీ మొహానికి నీవొకటి చెప్పావు" అని మూతి తిప్పుట, పదిమంది యెదుట భార్య వంటను వెక్కిరించుట, భర్త సంపాదనను ఎత్తిపొడుచుట మన ఇండ్లలో తృణీకారము ధరించు వేషములు. కాపరి ఈ నలుగురిని గుర్తుపట్టుట నేర్చుకొన్నయెడల, "ఎవరిది తప్పు?" అను పంచాయితీ ప్రశ్న నుండి "మీరు ఎట్లు మాట్లాడుకొనుచున్నారు?" అను ప్రశ్నకు మరలగలడు. ఇది గొప్ప లాభము.

ఇంకొక సంగతి కూడ మనకు ఉపయోగకరము. దంపతుల మధ్య తగవులలో 69 శాతము ఎన్నటికిని పూర్తిగా తీరనివని గాట్‌మన్ లెక్క. స్వభావములలోని తేడాల నుండి అవి పుట్టును. స్థిరమైన దంపతులు వాటిని పరిష్కరించుకొనరు, వాటితో కలిసి నడుచుట నేర్చుకొందురు. ఒక్క కూర్చుండుటలో రాజీ చేసి, చేతులు కలిపించి, ప్రార్థించి పంపివేయు మన అలవాటుకు ఈ లెక్క మంచి మందలింపు.

అయితే గాట్‌మన్‌ను ప్రవక్తగా చేయరాదు. ఏ జంట విడిపోవునో 90 శాతమునకు పైగా ఖచ్చితముగా చెప్పగలరను ప్రచారము విస్తారముగా జరిగినది. 2001లో హేమన్, స్లెప్ అను పరిశోధకులు దీనిని ప్రశ్నించిరి. ఫలితము తెలిసిన తరువాత ఆ గుంపుకే సరిపోవు సూత్రమును అల్లినయెడల అది బాగుగనే సరిపోవును. దానిని కొత్త గుంపుపై పెట్టి చూచినప్పుడు ఖచ్చితత్వము బాగా పడిపోవునని వారు చూపిరి. పంట ఇంటికి వచ్చిన తరువాత వాన లెక్క చెప్పుట సులభము. కాబట్టి ఒక జంట మాటలను పావుగంట విని "మీరు నిలువరు" అని తేల్చు అధికారము ఏ కౌన్సెలరుకును లేదు.

రెండవ విమర్శ పేదరికమును గూర్చినది. బిడ్డ పుట్టబోవుచున్న లేదా అప్పుడే పుట్టిన, పెండ్లి కాని, తక్కువ ఆదాయపు జంటల కొరకు అమెరికా ప్రభుత్వము 8 ప్రాంతములలో 5,000కు పైగా జంటలతో ఒక పెద్ద కార్యక్రమమును పరీక్షించెను. గాట్‌మన్ దంపతుల పాఠ్యక్రమము అందులో వాడిన పాఠ్యక్రమములలో ఒకటి. 2010లోను 2012లోను వెలువడిన నివేదికల ప్రకారము, అన్ని ప్రాంతములను కలిపి చూచినప్పుడు జంటల సంబంధములలో మెరుగుదల కనబడలేదు. అద్దె కట్టలేని ఇంటిలో మృదువుగా మాట మొదలుపెట్టుట నేర్పినంతమాత్రమున పని కాదు. రోజు కూలిమీద బ్రతుకు మన విశ్వాసుల మధ్య ఈ సాధనములను వాడువారు దీనిని మరువరాదు. అప్పు, తాగుడు, పనిలేమి తగవుకు వెనుక ఉన్నప్పుడు కౌన్సెలరు వాటిని కూడ చూడవలెను.

శిక్షణ విషయమై గాట్‌మన్ సంస్థ మూడు స్థాయిలు పెట్టినది. ఆ పైన ధ్రువీకరణ కోరువారు తాము చేసిన కౌన్సెలింగ్ వీడియోలను అనుభవజ్ఞులకు చూపవలెను. మనకు చేరినది పుస్తకము మాత్రమే. ఆ వీడియోను చూచు కన్ను మనకు చేరలేదు.

3. బంధమును వెదకు మార్గము: స్యూ జాన్సన్

ఇంగ్లండులో పుట్టి కెనడాలో స్థిరపడిన స్యూ జాన్సన్ (1947–2024) 1980లలో లెస్లీ గ్రీన్‌బర్గ్‌తో కలిసి ఈ చికిత్సను రూపొందించెను. తల్లిబిడ్డల అనుబంధమును గూర్చి బౌల్బీ చెప్పిన సిద్ధాంతము దీనికి ఆధారము. తగవు పైకి ఉప్పుకో డబ్బుకో అయినను, లోపల అడుగబడుచున్న ప్రశ్న వేరని జాన్సన్ అభిప్రాయము. "నేను పిలిచినప్పుడు నీవు పలుకుదువా? నీకు నేను ముఖ్యమా?" అనునది ఆ ప్రశ్న. ఒకరు వెంటబడి నిలదీయుదురు, మరొకరు తప్పించుకొని మౌనములోనికి పోవుదురు. నిలదీసినకొలది మౌనము పెరుగును, మౌనము పెరిగినకొలది నిలదీయుట పెరుగును. భార్యయు కాదు, భర్తయు కాదు, ఈ సుడియే శత్రువు అని కౌన్సెలరు ఇద్దరికిని చూపవలెను.

ఈ మార్గము మూడు దశలలో, తొమ్మిది మెట్లలో సాగును. మొదట సుడిని చల్లార్చుట, తరువాత ఒకరి భయమును మరొకరికి చెప్పుకొని బంధమును తిరిగి కట్టుట, చివరకు దానిని స్థిరపరచుట. 1999లో ప్రచురింపబడిన సమీక్షలో చికిత్స పొందిన జంటలలో 70 నుండి 73 శాతము కోలుకొన్నట్టు లెక్కించిరి. అయితే ఆ లెక్కకు ఆధారమైన అధ్యయనములు కొద్దివే. 2008లో వచ్చిన "హోల్డ్ మీ టైట్" అను ఆమె పుస్తకమును క్రైస్తవ దంపతుల కొరకు మలచి కెనెత్ శాండర్‌ఫర్‌తో కలిసి "క్రియేటెడ్ ఫర్ కనెక్షన్" అను పేర 2016లో ప్రచురించిరి.

1 థెస్సలొనీకయులకు 5:14లోని గుండె జారినవారిని ఈ మార్గము బాగుగా చూడగలదు. అరచుచున్న భార్య గయ్యాళి కాకపోవచ్చును, ఒంటరితనముతో భయపడుచుండవచ్చును. మాటలాడని భర్త రాతిగుండెవాడు కాకపోవచ్చును, ఓడిపోదునేమో అని భయపడుచుండవచ్చును. ఆడమ్స్ మార్గములో తర్ఫీదైన చెవికి ఈ భయములు వినబడవు.

అయితే మూడు పరిమితులు గమనించవలెను. మొదటిది, ఈ మార్గము ఇద్దరి గదిని ఊహించుకొన్నది. మన ఇండ్లలో ఆ గదిలో అత్తగారు ఉన్నారు, ఆడబిడ్డ ఉన్నది, ఇంకా ముట్టని కట్నము ఉన్నది. కొడుకు మౌనము భార్యకు భయపడి గాక తల్లికి జంకి కావచ్చును. ఇద్దరి బంధము ఎంత కట్టినను మూడవవారి మాట చెల్లుచున్నంత కాలము అది నిలువదు. అట్టిచోట పెద్దలతో ఎప్పుడు, ఎంతవరకు మాట్లాడవలెనో ఈ పుస్తకము చెప్పదు. రెండవది, ఇద్దరును ఎదుట ఉండవలెను. నిజామాబాదు, కరీంనగరు ప్రాంతముల నుండి పురుషులు, కడప, గోదావరి ప్రాంతముల నుండి స్త్రీలు గల్ఫ్ దేశములకు వెళ్లి సంవత్సరముల తరబడి ఉండుచున్నారు. వారి తగవు ఫోనులో పుట్టి ఫోనులోనే ముదురుచున్నది. మూడవది, ఇద్దరి భయములను సమానముగా చూచు చూపు క్రమము తప్పినవానిని కూడ గాయపడినవానిగానే చూచు ప్రమాదమున్నది. పౌలు ఆ రెంటిని కలుపలేదు.

శిక్షణ సంగతి చూడుడి. నాలుగు రోజుల ప్రారంభ శిక్షణ, దాని తరువాత మూల నైపుణ్యముల శిక్షణ, ఆపైన పర్యవేక్షకునితో సుదీర్ఘ సాధన, చివరకు సొంత కౌన్సెలింగ్ రికార్డులను సమర్పించుట. నాలుగు రోజులు ఇక్కడ ఆరంభము మాత్రమే. మనలో నాలుగు రోజుల సెమినారుకు హాజరైనవారు సర్టిఫికెట్టును గోడకు తగిలించి కౌన్సెలర్లమని బోర్డు పెట్టుట విచారకరము.

4. చూచు కన్ను: పర్యవేక్షణ

ఈ మూడు మార్గములు సిద్ధాంతములో ఒకదానితో ఒకటి పొసగవు. అయినను ఒక్క విషయములో ఏకీభవించుచున్నవి: నేర్చుకొనువాని పనిని మరొకరు చూడవలెను. ఇది లౌకిక వృత్తుల నుండి అప్పుగా తెచ్చుకొన్నది కాదు. నిర్గమకాండము 18లో మోషే ఉదయము నుండి సాయంకాలము వరకు ప్రజల తగవులు తీర్చుచుండగా, మామయైన యిత్రో మొదట చేసిన పని చూచుట. చూచిన తరువాతనే అడిగెను, అడిగిన తరువాతనే సలహా చెప్పెను. దేవునితో ముఖాముఖిగా మాట్లాడిన మోషేకే చూచు కన్ను అవసరమైనయెడల మనకు అవసరము లేదా?

కాపరి శిక్షణలో ఈ పద్ధతికి నూరేండ్ల చరిత్ర కలదు. 1925లో మసాచుసెట్స్‌లోని వూస్టర్ మానసిక ఆసుపత్రిలో చాప్లిన్‌గా ఉన్న ఆంటన్ బోయిసెన్ సెమినరీ విద్యార్థులను రోగుల యొద్దకు తెచ్చి, పుస్తకములను చదివినంత శ్రద్ధగా మనుష్యులను చదువుమని నేర్పెను. ఆయన తానే అంతకు మునుపు మానసిక వ్యాధితో ఆసుపత్రిలో ఉన్నవాడు. తరువాత రసెల్ డిక్స్ అను చాప్లిన్ సంభాషణను జ్ఞాపకము నుండి మాటకు మాట వ్రాసి తోటివారి యెదుట చదివించు పద్ధతిని వ్యాప్తి చేసెను. దీనికి యంత్రములు అక్కరలేదు, డబ్బు అక్కరలేదు. ఒక నోటుపుస్తకము, నలుగురు నమ్మకస్థులు చాలును. "ఆమె ఏడ్చెను, నేను వెంటనే వాక్యము చదివితిని" అని వ్రాసి చదివినప్పుడు, "ఎందుకు వెంటనే?" అని ఒకరు అడుగుదురు. ఆ ప్రశ్న దగ్గర ఆరంభమగు చదువు ఏ పుస్తకములోను దొరకదు.

5. హింస ఉన్నచోట

మా మూడవ ప్రశ్న: ఎక్కడ ఆగవలెను? ఇచ్చటనే పుస్తకము మాత్రమే చదివినవారికి ఎక్కువ ప్రమాదము. 1998లో గాట్‌మన్ నీల్ జేకబ్సన్‌తో కలిసి భార్యలను కొట్టు పురుషులపై ఒక గ్రంథము వ్రాసెను. భార్యను తీవ్రముగా హింసించు పురుషుని విషయములో ఇద్దరిని కలిపి కూర్చుండబెట్టు కౌన్సెలింగ్ తగదని వారు హెచ్చరించిరి. హింస కొనసాగుచున్నచోట తన పద్ధతిని వాడరాదని జాన్సన్ కూడ చెప్పెను. కారణము తేటగా ఉన్నది. భర్త పక్కన కూర్చుండగా భార్య నిజము చెప్పదు. చెప్పినయెడల ఇంటికి వెళ్లిన తరువాత దాని వెల చెల్లించును.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, వివాహమైన 18–49 ఏండ్ల స్త్రీలలో ఎప్పుడైనను భర్త హింసకు గురియైనవారు తెలంగాణలో 36.9 శాతము, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతము. కూర్చుండబెట్టిన ప్రతి మూడు జంటలలో ఇంచుమించు ఒకదానిలో ఇది ఉండవచ్చునని తలంచియే కాపరి పని మొదలుపెట్టవలెను. విశ్వాసుల ఇండ్లలో లేదని అనుకొనుటకు మనకు ఆధారము లేదు.

ఒక సందర్భమును ఊహించుకొందము. భర్త సంఘ కమిటీ సభ్యుడు, కానుకలు బాగుగా ఇచ్చువాడు. భార్య ముఖముమీద కమిలిన గుర్తుతో కాపరి ఇంటికి వచ్చినది. కాపరి ఇద్దరిని కూర్చుండబెట్టి, భార్యకు లోబడుమని, భర్తకు ప్రేమించుమని చెప్పి, ప్రార్థించి పంపెను. పైకి న్యాయముగానే ఉన్నది. కాని ఆమెకు చెప్పిన మాట రేపటినుండి అతని చేతిలో కర్ర. క్రమము తప్పినవానికి చెప్పవలసినది గుండె జారినదానికి చెప్పబడినది. ఎఫెసీయులకు 5:22 నుండి మొదలుపెట్టి 5:21ని వదలివేసినప్పుడు జరుగునది ఇదే.

ఈ విషయములో దేశ చట్టము మన అలవాటుకంటె జాగ్రత్తగా ఉన్నది. 2005 గృహహింస చట్టము క్రింద 2006లో వచ్చిన నియమములు మేజిస్ట్రేటు నియమించు కౌన్సెలరుకు రెండు హద్దులు పెట్టినవి. వివాదముతో సంబంధమున్నవాడు, పక్షములతో బంధుత్వమున్నవాడు కౌన్సెలరు కారాదు. తాను హింసించుటకు కారణములున్నవని సమర్థించుకొనుటకు ప్రతివాదికి కౌన్సెలింగ్‌లో తావు ఇయ్యరాదు. ఈ సంగతి ముందుగానే అతనికి తెలుపవలెను. "ఆమె నోరు ఊరుకోదయ్యా, అందుకే చెయ్యి లేచింది" అను మాటను మన పంచాయితీలలో ఎన్నిమార్లు విని తల ఊపుచున్నామో ఆలోచించుకొందము. పెండ్లి చేసి, కానుక పుచ్చుకొని, ఇద్దరి బంధువులకు కాపరియైనవాడు ఈ మొదటి హద్దును ఎంతవరకు నిలుపుకొనగలడు? చాలా సందర్భములలో కాపరి పని కౌన్సెలింగ్ చేయుట కాదు. ఆమెను క్షేమముగా తగినవారి యొద్దకు చేర్చుట, తరువాత కూడ విడువకుండుట.

6. ఒక అభ్యంతరము

పరిశుద్ధాత్మ నడిపింపు ఉండగా ఈ శిక్షణలన్నియు ఎందుకు అని అడుగు సహోదరులున్నారు. వారి ఆసక్తిని గౌరవించుచున్నాము. అయితే అపొల్లో లేఖనములయందు ప్రవీణుడు, ఆత్మయందు తీవ్రత గలవాడు. అట్టివానిని అకుల, ప్రిస్కిల్ల అను భార్యాభర్తలు చేర్చుకొని మరింత పూర్తిగా నేర్పిరి (అపొస్తలుల కార్యములు 18:24–26). ఆయన దానిని అవమానముగా ఎంచలేదు. వాగ్ధాటిగల బోధకుడు ఒక దంపతుల యొద్ద నేర్చుకొనుటలో మనకును పాఠమున్నది. ఒంటరిగా కాపరి వినుటకంటె, శిక్షణ పొందిన స్త్రీ ఒకరు అతనితో కూర్చుండి వినుట మేలు. అయ్యగారితో చెప్పలేనిది అమ్మగారితో చెప్పుకొను స్త్రీలు ప్రతి సంఘములోను ఉన్నారు. కాని ఆ అమ్మగారికి శిక్షణ ఇయ్యవలెనని మన సెమినరీలు ఎంతమట్టుకు తలంచినవి?

7. సూచనలు

పై పరిశీలనను బట్టి సెమినరీలకును, పనిలో ఉన్న కాపరులకును కొన్ని సూచనలు చేయుచున్నాము.

ఒకటి, కౌన్సెలింగ్ పాఠములో వ్యాసములు తగ్గించి సంభాషణల వ్రాత పెంచవలెను. ప్రతి విద్యార్థి తాను చేసిన సంభాషణలను, పేర్లు మార్చి, వ్రాసి గుంపులో చదువవలెను. పనిలో ఉన్న కాపరులు నలుగురైదుగురు నెలకొకమారు ఇట్లే కూడుకొనవచ్చును.

రెండు, ఏ జంట వచ్చినను మొదట ఇద్దరితో విడివిడిగా మాట్లాడుట నియమముగా పెట్టుకొనవలెను. "ఇంటిలో మీకు భయముగా ఉన్నదా? చెయ్యి చేసుకొనుట ఉన్నదా? ప్రాణభయము కలిగినదా?" అని తేట మాటలలో అడుగుట అభ్యసించవలెను. అవునను సమాధానము వచ్చినచోట ఇద్దరిని కలిపి కూర్చుండబెట్టరాదు. 181 మహిళా హెల్ప్‌లైను, సఖి కేంద్రము, దగ్గరి ఆసుపత్రి, నమ్మకమైన స్త్రీ వకీలు వివరములు కాపరి బైబిలులోనే వ్రాసి ఉంచుకొనవలెను.

మూడు, రహస్యము కాపాడుట. శనివారము గదిలో విన్నది ఆదివారము ప్రసంగములో ఉదాహరణ కారాదు, బుధవారము కూడికలో ప్రార్థనాంశము కూడ కారాదు. పేరు చెప్పకపోయినను ఊరు గుర్తుపట్టును. అయితే రహస్యమునకు హద్దు కలదు. 18 ఏండ్లలోపు బిడ్డపై లైంగిక అఘాయిత్యము తెలిసినప్పుడు దానిని పోలీసులకు తెలుపుట 2012 పోక్సో చట్టము ప్రకారము విధి. కాపరికి మినహాయింపు లేదు. ఈ హద్దును మొదటి దినముననే చెప్పవలెను.

నాలుగు, మూడు మార్గములలో ఏదో ఒకదానికి అంటిపెట్టుకొనక, ప్రతిదానిని దాని చోటులో వాడవలెను. తృణీకారమును గుర్తుపట్టుటకు గాట్‌మన్, దాగిన భయమును వినుటకు జాన్సన్, పశ్చాత్తాపము లేనివాని యెదుట నిలుచుటకు ఆడమ్స్ ఉపయోగపడుదురు. ఎవరి యెదుట ఏది అనునదే విద్య.

ముగింపు

పుస్తకములు మనకు పద్ధతులు ఇచ్చినవి. పద్ధతికి మునుపు కావలసిన చూపును గాని, ఆ చూపును సరిదిద్దు తోటి కన్నును గాని అవి ఇయ్యలేవు. వీటిని మన సెమినరీలు, మన కాపరుల కూటములే ఏర్పరచవలెను. లేనియెడల సమాధానము లేనిచోట సమాధానమని చెప్పిన యిర్మీయా కాలపు బోధకుల వరుసలో మనము నిలుచుదుము (యిర్మీయా 6:14). వారు గాయమును కట్టకపోలేదు, పైపైన కట్టిరి. మన తలుపు తట్టు దంపతులకు, విశేషముగా భయముతో తట్టు స్త్రీకి, అంతకంటె మేలైన వైద్యము మనము బాకీయున్నాము. ఆ బాకీ తీర్చుటకు కావలసిన వినయమును ప్రభువు మనకందరికిని అనుగ్రహించును గాక.